పోయిన వారం శాంపిల్‌తో ఈ వారం రక్తం ఎక్కించవద్దు

సంపాదకులకు,

అయ్యా, డెల్టాలో చాలా నర్సింగ్ హోములకు సొంత బ్లడ్ బ్యాంకు లేదు. రోగి తాలూకు మనిషి శాంపిల్ ట్యూబు, ఫారం పట్టుకుని అమలాపురమో, భీమవరమో, రాజమహేంద్రవరమో, కాకినాడో వెళ్లాలి. రెండోసారి రక్తం కావాల్సి వస్తే "పోయిన వారం మ్యాచ్ చేశారు కదండీ, ఆ శాంపిల్‌తోనే ఇంకో బ్యాగు ఇచ్చేయండి" అని అడుగుతారు. లంక గ్రామం నుంచి వచ్చినవారి అవస్థ మాకు తెలియంది కాదు. అయినా ఇవ్వకూడదు.

గ్రూపు మారదు, నిజమే. మారేది ప్లాస్మాలోని (రక్తంలోని ద్రవభాగం) యాంటీబాడీలు, అంటే పరాయి కణాల మీద దాడి చేసే పదార్థాలు. ఎర్రకణాల మీద ఎ, బి, ఆర్‌హెచ్-డి కాక కెల్, కిడ్, డఫీ వంటి యాంటిజెన్లు (కణం మీది గుర్తులు) ఎన్నో ఉంటాయి. మామూలుగా ఇవి రోగికి, దాతకు సరిపోయాయా అని చూడకుండానే బ్యాగు ఇస్తారు. ఇదివరకు ఎక్కిన రక్తం వల్లో, కడుపులోని బిడ్డ రక్తం వల్లో వీటికి యాంటీబాడీ పుట్టి, కొన్ని నెలలకు పరీక్షకు అందనంతగా తగ్గిపోవచ్చు. ఈ విషయంలో కిడ్ యాంటీబాడీలు మరీ ప్రమాదం. అదే యాంటిజెన్ ఉన్న రక్తం మళ్లీ ఎక్కితే కొద్ది రోజుల్లోనే విజృంభిస్తాయి. సోమవారం ట్యూబులో లేనిది శుక్రవారం ట్యూబులో బయటపడవచ్చు.

అందుకే గత 3 నెలల్లో రక్తం ఎక్కినవారికి, గర్భం దాల్చినవారికి, ఆ వివరం తెలియనివారికి శాంపిల్ గడువు 3 రోజులే. తీసిన రోజు సున్నా కింద లెక్క. సోమవారం తీసింది గురువారం అర్ధరాత్రి దాకా పనికొస్తుంది. కొన్ని చోట్ల 72 గంటలకే ఆపేస్తారు. అబార్షన్ అయినా గర్భమే, దాచకుండా చెప్పాలి. తలసీమియా పిల్లలకు 2 నుంచి 4 వారాలకోసారి ఎక్కిస్తారు గనుక ప్రతిసారీ కొత్త శాంపిల్ తప్పదు.

ఎక్కువగా పొరపాటు జరిగేది ఆపరేషన్ వాయిదా పడ్డప్పుడు. అమావాస్య అనో, మత్తు డాక్టరు రాలేదనో నాలుగు రోజులు ఆగుతారు. రిజర్వు చేసిన బ్యాగు ఫ్రిజ్‌లోనే ఉంది, దాని మీద ఇంకా నెల గడువుంది, ఇక భయమేమిటనుకుంటారు. ఆ 35 రోజులో, 42 రోజులో బ్యాగులోని కణాలకు పెట్టిన గడువు. రోగి శాంపిల్‌కు దానితో సంబంధం లేదు. రోగి నుంచి కొత్త శాంపిల్ తీసి యాంటీబాడీ స్క్రీన్ (యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే పరీక్ష), క్రాస్‌మ్యాచ్ (రోగి ప్లాస్మాను బ్యాగులోని కణాలతో కలిపి చూడడం) మళ్లీ చేయాల్సిందే. గది ఉష్ణోగ్రతలో సెలైన్‌తో కలిపి చూసి సరిపెడితే ప్రధానంగా గ్రూపు తేడాలే దొరుకుతాయి. మేము చెబుతున్న యాంటీబాడీలు దొరకాలంటే 37 డిగ్రీల దగ్గర ఉంచి కూంబ్స్ పద్ధతిలో (కణాలకు అంటుకున్న యాంటీబాడీని పట్టే పరీక్ష) చూడాలి.

శాంపిల్‌ను సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి తీయకూడదు. పేరు, ఐపీ నంబరు, తేదీ, సమయం మంచం పక్కనే ట్యూబు మీద రాసి, తీసినవారు సంతకం చేయాలి. అన్నవరం స్వామి పేరు పెట్టుకున్న సత్యనారాయణలు, సత్యవతులు మన వార్డుల్లో ఒకేసారి ఇద్దరు ముగ్గురుంటారు. పేరొక్కటే చూస్తే ప్రాణం మీదికి వస్తుంది.

రక్తం ఎక్కాక 3 నుంచి 14 రోజుల్లో జ్వరం వచ్చినా, పెరిగిన హిమోగ్లోబిన్ మళ్లీ పడిపోయినా, కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఎక్కిన కణాలు విరిగిపోతున్నాయని అనుమానించాలి. మన దగ్గర కళ్లు పచ్చబడగానే కామెర్లని పసరు మందుకు పరుగెడతారు. దయచేసి ముందు డాక్టరుకు ఫలానా రోజు రక్తం ఎక్కిందని చెప్పండి. డైరెక్ట్ కూంబ్స్, బిలిరుబిన్, కొత్త శాంపిల్‌తో యాంటీబాడీ స్క్రీన్ చేస్తే సంగతి తేలుతుంది. బ్లడ్ బ్యాంకులో రోగి, దాత శాంపిళ్లను ఎక్కించాక 7 రోజులు దాస్తారు. ఆలోగా వస్తే పోల్చి చూడొచ్చు.

బ్లడ్ బ్యాంకులు మ్యాచింగ్ రిపోర్టు మీద శాంపిల్ గడువు తేదీని తెలుగులో పెద్ద అక్షరాలతో ముద్రించాలి. ఆసుపత్రులు ఫారంలో గత 3 నెలల్లో రక్తం ఎక్కిందా, గర్భం దాల్చారా అన్న ప్రశ్నను ఖాళీగా వదలకూడదు. యాంటీబాడీ దొరికినవారికి దాని పేరు రాసిన కార్డు ఇవ్వాలి. తర్వాతి పరీక్షల్లో అది కనబడకపోయినా, ఆ యాంటిజెన్ లేని రక్తమే వారికి జీవితాంతం ఎక్కించాలి.

ఇట్లు,
బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్లు,
కోనసీమ