కొత్త పెయింట్ చూసి పాత జీపు కొనకండి

సంపాదకులకు నమస్కారం,

మీ పేపర్ క్లాసిఫైడ్స్‌లో సెకండ్ హ్యాండ్ బళ్ళ ప్రకటనలు నేను వదలకుండా చదువుతా, కొనే ఉద్దేశం ఏం లేదు, అలవాటు అంతే. మారుతీ జిప్సీ అయినా మహీంద్రా పాత థార్ అయినా, ఎంఎం 540 జీపు అయినా అందరిదీ ఒకటే పాట, "ఫుల్ పెయింట్ అయింది, కింద యాంటీ రస్ట్ కోటింగ్ కొత్తగా కొట్టించాం, పైసా పెట్టుబడి అక్కర్లేదు" అని. కుర్రాళ్ళు అది చదివి అబ్బా బాగా మెయింటెయిన్ చేశారు అనుకుంటున్నారు. నాకైతే ఆ లైన్ కనపడితే ముందు అనుమానమే వస్తుంది. ఇరవై ఏళ్ళ జీపుకి అమ్మే ముందే పెయింట్ ఎందుకేయాల్సొచ్చింది అని ఒక్కడూ అడగడు.

జిప్సీ 1985లో వచ్చింది, మామూలు జనానికి అమ్మడం ఆపేసి కూడా ఏళ్ళయిపోయింది, అంటే ఇప్పుడు మార్కెట్లో తిరిగేవన్నీ వయసైపోయినవే. అరకు, లంబసింగి, మారేడుమిల్లి వెళ్ళొచ్చే గ్యాంగులు పెరిగాక వీటికి రేట్లు కూడా కొండెక్కాయి. ఇంజను పోతే ఇంజను దొరుకుతుంది, గేర్ బాక్స్ పోతే అదీ ఎక్కడో ఒక చోట దొరుకుతుంది, తుప్పు పట్టిన ఛాసిస్‌కి, అంటే బండి బరువంతా మోసే అడుగు చట్రానికి మాత్రం మెకానిక్ కూడా చేతులెత్తేస్తాడు. ఈ బళ్ళకి కింద నిచ్చెనలా ఉండే ల్యాడర్ ఛాసిస్ వేరే, పైన బోల్టులతో బిగించిన బాడీ వేరే. బాడీకి తుప్పంటే డబ్బుతో పోయేది, బేరంలో తగ్గించుకోవచ్చు. తుప్పు ఛాసిస్‌నే తినేసిందంటే అది ప్రాణాల మీదకొచ్చే వ్యవహారం, ఎంత తక్కువకిచ్చినా వద్దు.

ఈ మధ్య మా బావమరిది భీమిలి రోడ్డులో ఒక జిప్సీ చూశానని, రమ్మని ఒకటే గొడవ. వెళ్ళాం. బండి పైకి తళతళలాడిపోతోంది, ఆలివ్ గ్రీన్ కొట్టి ఆర్మీది అన్నారు (గ్రీన్ కొట్టిన ప్రతిదీ ఆర్మీదే ఈ రోజుల్లో). నేను ముందు డ్రైవర్ కాళ్ళ కింద మ్యాట్ ఎత్తాను, కింద ఇంకో మ్యాట్ ఉంది, దానికింద కొబ్బరి పీచు షీటు తడిగా ఉంది, అదీ లేపితే ఫ్లోర్ మీద గుడ్డముక్కకి ఎంసీల్ పూసి అంటించి పైన పెయింట్ వేసేశారు, వేలితో నొక్కితే లోపలికి దిగుతోంది. జేబులో పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం ఉంది, తలుపు పైభాగాన టక్కున అతుక్కుంది, కిందకి జరిపేకొద్దీ పట్టు వదిలి జారిపోయింది, అంటే అక్కడ రేకు లేదు, అంతా పుట్టీయే. అమ్మేవాడు "సార్ జిప్సీ అంటే అన్నిటికీ అంతేనండి" అన్నాడు. అందులో కొంత నిజం లేకపోలేదు. మా వాడు మాత్రం "బావా, రేటు తగ్గిస్తానంటున్నాడు కదా" అని ఇంకా గుంజుతూనే ఉన్నాడు.

అప్పుడు వెనక చక్రం పక్కన కిందకి దూరాను. లీఫ్ స్ప్రింగులు, అదే కుదుపు ఆపే పట్టీలు, ఛాసిస్‌కి తగిలించే హ్యాంగర్లు ఉంటాయి చూడండి, బురద అంతా అక్కడే కూరుకుంటుంది, ఎవరూ కడగరు. నల్లటి కోటింగ్ నిగనిగలాడుతోంది, స్క్రూడ్రైవర్ పిడితో కొడితే ముందు వైపు ఖంగున మోగిన ఛాసిస్ అక్కడికొచ్చేసరికి బొత్తిగా మోగలేదు, దప్ దప్ అంది, మొనతో గీకితే కోటింగ్ ఊడి దానితో పాటే ఇనుము పొరలు పొరలుగా రాలింది. ఇంక మా వాడు మాట్లాడలేదు, వచ్చేశాం.

ఆ కోటింగ్ గురించి ఒక మాట. కొత్త బండికి శుభ్రమైన ఇనుము మీద వేస్తే మంచిదే, తుప్పు గీకకుండా పైన తారులాంటిది పూస్తే చెమ్మ గోడకి సున్నం కొట్టినట్టే, లోపల తేమ బయటికి పోయే దారి లేక ఇంకా తొందరగా తింటుంది. పైగా ఛాసిస్ గొట్టంలా ఉండే పెట్టె కదా, నీళ్ళూ మట్టీ లోపల చేరి తుప్పు లోపల్నించి మొదలవుతుంది, బయటికి చిల్లు పడే దాకా కంటికి కనపడదు. అందుకే చూడ్డం కాదు, కొట్టి వినాలి. ఎవరైనా కొట్టనివ్వకపోతే, ర్యాంప్ ఎక్కించడానికి ఒప్పుకోకపోతే అదే జవాబు.

బండి ఇన్నాళ్ళూ ఎక్కడ తిరిగిందో అడగాలి, ఓనర్ ఎంతమంది అనేదాని కన్నా ఇదే ముఖ్యం. సముద్రపు గాలిలో ఉప్పుంటుంది, ఉప్పు తగిలిన తేమలో ఇనుము త్వరగా పోతుంది, కాబట్టి విశాఖలోనో కాకినాడ ఉప్పాడ రోడ్డులోనో పెరిగిన జీపూ అనంతపురంలో ఎండకి ఎండిన జీపూ ఒకే సంవత్సరానివైనా ఒకటి కావు. భీమవరం వైపు ఐసులో రొయ్యలు మోసిన బొలెరో పికప్ అయితే ఉప్పునీళ్ళన్నీ ఛాసిస్ మీదే కారుంటాయి, ఎరువుల బస్తాలు మోసినా అంతే. వరదలో మునిగినవి వేరే కథ, 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని బళ్ళు నీళ్ళలో ఉన్నాయో అందరం టీవీల్లో చూశాం, అవన్నీ స్క్రాప్‌కి పోయాయని ఎవరైనా నమ్ముతారా. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, సీటు కింద బోల్టులు చూడండి, ఒండ్రు మట్టి గీత ఎక్కడో ఒక చోట మిగిలే ఉంటుంది.

కొనుక్కున్నాక చిన్నచిన్న తుప్పుకి భయపడక్కర్లేదు. వైర్ బ్రష్‌తో గీకి, మెరిసే ఇనుము వచ్చేదాకా సాండింగ్ చేసి, గుంటల్లో ఇంకా మిగిలిన తుప్పు మీద రస్ట్ కన్వర్టర్ (తుప్పుని గట్టి పొరగా మార్చే మందు) పూసి, రంగు కింద పూతగా ఎపాక్సీ ప్రైమర్ వేశాకే రంగు. చిల్లు పడ్డ చోట కుళ్ళిన రేకంతా కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయమనండి, పైన అతుకు వేసి పుట్టీ లాగించేసే టింకరింగ్ వాడికి డబ్బులివ్వడం దండగ, రెండు వానలకి మళ్ళీ బుడగలొస్తాయి. తలుపుల అడుగున నీళ్ళు పోయే కన్నాలు పుల్లతో పొడవండి, ఖర్చు లేని పని. బ్రేకు పైపుల్ని మాత్రం లైట్ తీసుకోవద్దు, అవీ ఇనుమే, ఛాసిస్ వెంబడే పోతాయి, గరుకుగా పొరలు లేచి కనపడితే ఘాట్ రోడ్డు ఎక్కకముందే మార్పించేయండి.

ఇంకోటి, ఛాసిస్ ఇనుము మీద కొట్టి ఉండే ఛాసిస్ నంబరు. ట్రాన్స్‌ఫర్ ఫారాల మీద పెన్సిల్ ప్రింట్ తీసి పెట్టాలి, సొంత బండికి పదిహేనేళ్ళు దాటితే ప్రతి అయిదేళ్ళకీ ఆర్‌సీ రెన్యువల్‌కి వెళ్ళాలి, అక్కడా ఆ నంబరు కనపడాలి. తుప్పుకి ఆ అంకెలే చెరిగిపోతే మనంతట మనం మళ్ళీ కొట్టించుకోవడానికి లేదు, ఆర్‌టీఓ పర్మిషన్ కావాలి, దానికి ఆర్‌సీలో పేరున్న పాత ఓనర్ కూడా మీతో తిరగాల్సొస్తుంది, డబ్బులు తీసుకున్నాక వాడు ఫోన్ ఎత్తుతాడా లేదా మీరే ఊహించుకోండి. కాబట్టి అడ్వాన్స్ ఇచ్చే ముందే ఆ నంబరు మీద ఒక కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది చూసుకోండి, అంకెలన్నీ పడితేనే రేటు మాట్లాడండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గాజువాక, విశాఖపట్నం