పంచమం తీగ

పర్లాకిమిడి,
ఆదివారం సాయంత్రం

అమ్మలూ,

నువ్వు పంపిన ఆడియో నాలుగుసార్లు విన్నాను. మీ అమ్మ పొయ్యి కట్టేసి మరీ వచ్చి వింది. మీ రూమ్మేట్ గొంతు గురించి రెండో మాట లేదు, బంగారం. దాని కింద నువ్వు పెట్టిన మెసేజే మింగుడు పడలేదు. "ఈ పిల్ల పాడుతుంటే నేను నోరు తెరవడం దండగ నాన్నా, ఇంక పాడను" అన్నావు. ఫోన్లో మొదలుపెడితే మధ్యలో "సర్లే నాన్నా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

ఫిడేలు మావయ్య నీకు బాగా తెలుసనుకుంటావు. దసరాకి వచ్చి, మన వరండాలో కూర్చుని నీ చేత సరళీ స్వరాలు పాడించి, పనసపొట్టు కూర రెండోసారి అడిగి వేయించుకునే మావయ్య. నేను చెప్పేది పద్ధెనిమిదేళ్ల వాడి గురించి.

1988లో మన ఊరి కాలేజీలో చేరాను. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన కాలేజీ అని మా నాన్న ఊరంతా చెప్పుకునేవాడు. నాకైతే ఇంకో గర్వం ఉండేది. పదేళ్ల వయసు నుంచి ఫిడేలు నేర్చుకుంటున్నాను. మా వీధిలో పెళ్లైనా, వ్రతమైనా నన్నే పిలిచేవాళ్లు. అంతటి విద్వాంసుణ్ణి! వీడేమో కాశీనగర్ నుంచి చిన్న రైల్లో వచ్చేవాడు. నువ్వు ఆ రైలు ఎక్కలేదు, 2004లోనే ఆపేశారు. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. మబ్బు పడితే చాలు, వాడు ఫిడేలు పెట్టెకి వాళ్లమ్మ పాత చీర చుట్టేసి తను తడుస్తూ దిగేవాడు.

ఒకరోజు క్లాసులయ్యాక ఖాళీ గదిలో వాయిస్తున్నాడు. నేల మీద బాసింపట్టు వేసుకుని, కుడికాలి మడమ దగ్గర ఫిడేలు తల ఆనించి, ఎడమచేతి వేళ్లకి చుక్క కొబ్బరినూనె రాసుకున్నాడు. నేను గుమ్మం బయటే ఆగాను. పాట కాదు, తోడి రాగంలో గాంధారం అనే ఒక్క స్వరం. అదొక్కటే, ఎంతసేపో. తోడిలో గాంధారం ఒకచోట నిలబడదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య తిరుగుతూ ఉంటుంది. ఆ సంగతి నాకూ తెలుసు, నేర్చుకున్నాను కూడా. నా చేతిలో అది వణికేది, వాడి చేతిలో ఊగేది. ఆ పూట ఇంటికొచ్చి పెట్టె తెరవలేదు.

నీకు ఎలా ఉందో నాకు తెలుసని చెప్పడానికి ఇంత రాశాను. అసలు చెప్పాల్సింది ఇది కాదు. మీ అమ్మకి తప్ప ఎవరికీ చెప్పనిది ఒకటి ఉంది.

మరుసటి ఏడాది బరంపురంలో సంగీతం పోటీ జరిగింది. మన గజపతి జిల్లా గంజాం నుంచి విడిపోయింది 1992లో, అప్పటికి మనమూ గంజాం జిల్లా వాళ్లమే. కాలేజీ తరఫున ఇద్దరం వెళ్లాం. నౌపడ దాకా చిన్న రైలు, అక్కణ్ణుంచి పెద్ద రైలు. దారి పొడుగునా వాడు ద్వారం వెంకటస్వామి నాయుడుగారి కబుర్లే. విద్యార్థిగా చేరదామని విజయనగరం సంగీత కాలేజీకి వెళ్తే, పాఠం చెప్పే కుర్చీలోనే కూర్చోబెట్టారట ఆయన్ని. నేను ఊఁ కొడుతూ, ఇవాళ వీడి చెయ్యి తడబడితే బావుణ్ణని లోపల అనుకుంటున్నాను. నిజంగా అనుకున్నాను అమ్మలూ.

నాది ముందే అయిపోయింది, ఏదో వాయించాను. వాడి పేరు పిలవబోతుండగా శ్రుతి చూసుకుంటున్నాడు. తీగ బిగించే బిరడా జారుతోందని సుద్దముక్క రాసి తిప్పాడు. టంగుమని పంచమం తీగ తెగింది. అదే అన్నిటికన్నా సన్నటి తీగ, పై స్వరాలన్నీ దాని మీదే. "ఏరా, నీ దగ్గర ఇంకోటి ఉందేటి?" అన్నాడు. ఉంది. నా పెట్టెలో, రుమాలు కింద, కాగితం కవర్లో చుట్ట చుట్టి ఉంది. "లేదురా" అన్నాను.

వాడు నా వంక ఒక్కసారి చూసి, తెగిన తీగ చుట్టి జేబులో వేసుకుని వేదిక ఎక్కాడు. మోహన వర్ణం వాయించాడు, మూడు తీగల మీద. పంచమం తీగ మీద రావాల్సినవన్నీ పక్కనున్న షడ్జమం తీగ మీదే, చెయ్యి పైపైకి జరుపుకుంటూ తీశాడు. మొదట్లో రెండుసార్లు వేలు అంగుళం తేడాలో పడింది, తర్వాత పడలేదు. హాల్లో సగానికి పైగా ఒడియా కుర్రాళ్లే. మోహనని వాళ్లు హిందుస్తానీ రాగం భూపాలి అనుకున్నారు, ఆ రెండిటికీ స్వరాలు అవే కదా. అయ్యేసరికి "ఆవు థొరే, ఆవు థొరే" అని ఒకటే గోల, ఇంకోసారి వాయించమని. రెండో బహుమతి ఇచ్చారు. తీగ ఉంటే మొదటిదే.

తిరుగు రైల్లో పలాసలో జీడిపప్పు పొట్లం కొని సగం నాకు పెట్టాడు. నాకు గొంతు దిగలేదు.

డిగ్రీ అయ్యాక వాడు విజయనగరం వెళ్లి చేరాడు. అక్కణ్ణుంచి మిగతాది నీకు తెలిసిందే, కచేరీలూ శిష్యులూ. నేను ఉద్యోగంలో పడ్డాను. నా ఫిడేలు అటకెక్కింది. వాడి మూలంగా కాదు, బద్ధకంతో. వాడైతే వచ్చినప్పుడల్లా దింపమంటాడు.

నువ్వు పుట్టిన ఏడాది నీ బారసాలకి వచ్చాడు. రాత్రి మేడ మీద పడుకున్నప్పుడు చెప్పేశాను, ఆ రోజు తీగ నా దగ్గర ఉందిరా అని. చీకట్లో కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకు తెలుసురా. నువ్వు రుమాలు తీసినప్పుడు కవరు కనిపించింది" అన్నాడు. మరి అప్పుడే అడగలేదేం అన్నాను. "ఏటని అడుగుతాను? స్టేజీ ఎక్కాల్సిన టైమయిపోయింది" అని అటు తిరిగి పడుకున్నాడు. నాకు తెల్లారేదాకా నిద్ర లేదు. వాడు గురక పెట్టాడు.

ఈ దసరాకి మీ రూమ్మేట్‌ని తీసుకురా. మావయ్య వస్తున్నాడు, ఆ పిల్ల గొంతు వినాలంటున్నాడు. నువ్వు పాడతావో లేదో నీ ఇష్టం. అటక మీది పెట్టె మాత్రం దింపి తుడిపించాను.

బరంపురం అప్పడాలు రెండు కట్టలు పంపుతున్నాను. రెండోది ఆ అమ్మాయికి. మర్చిపోయానని చెప్పి పెట్టెలో దాచుకోకు, మన ఇంటికి ఆ అలవాటు ఉంది.

మీ నాన్న