కొల్లేటి పిల్లలకి కొల్లేరు పాఠమేదీ?

సంపాదకులకు నమస్కారం.

మాది కైకలూరు దగ్గర పల్లెటూరు. చేపల చెరువుల మీదే బతుకుతున్నాను కాబట్టి ఇలాంటి ఉత్తరం రాసే అర్హత నాకు లేదని కొందరు అనొచ్చు. అయినా రాస్తున్నాను.

మొన్న తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయిని బడిలో జీవవైవిధ్యం మీద చార్ట్ చేసుకు రమ్మన్నారు. నెట్ సెంటర్‌కి వెళ్ళి సింహం, జిరాఫీ, పెంగ్విన్ బొమ్మలు ప్రింట్ తీయించుకొచ్చింది. డాబా మీద కూర్చుని అతికిస్తుంటే, మా నెత్తి మీదుగా గూడబాతులు (పెలికాన్లు) వరసకట్టి ఆటపాక పక్షుల కేంద్రం వైపు వెళ్ళాయి. "వీటిని పెట్టలేదేమ్మా?" అన్నాను. "అవి మనవే కదా నాన్నా" అంది.

పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరిగా చెప్పాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. చెబుతున్నారు కూడా. కాకపోతే ఆ చెప్పడమంతా చెట్లు నాటండి, ప్లాస్టిక్ వాడకండి అనే నినాదాల దగ్గరే ఆగిపోతోంది. ఒక చెరువునో సరస్సునో ఎలా సంబాళించాలి, అందులోంచి ఎంత తీసుకోవచ్చు, ఎప్పుడు చెయ్యి ఆపాలి అన్న మాట ఎక్కడా రాదు.

మా చెరువు గట్టు మీదే దొరికే పాఠం ఒకటి చెబుతాను. మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున నాలుగింటికి చేపలు నీళ్ళ పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. మేం టెన్షన్‌తో పరుగెత్తి నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు వేస్తాం. నీళ్ళను పచ్చగా ఉంచే ప్లాంక్టన్ పగలు ఎండకి ఆక్సిజన్ వదులుతుంది. రాత్రయితే చేపలతో పాటు అదీ పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారేసరికి నీళ్ళలో ఆక్సిజన్ అడుగంటుతుంది. కిరణజన్య సంయోగక్రియ బొమ్మ మా పిల్లలు చక్కగా గీస్తారు, మార్కులూ తెచ్చుకుంటారు. ఆ బొమ్మకీ నాన్న నిద్ర చెడగొట్టుకుని పరుగెత్తడానికీ సంబంధం ఉందని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ చాలాకాలం తెలియదు. మేత కంపెనీ కుర్రాడు చెబితే తెలిసింది.

ఇక కొల్లేరు సంగతి. అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తును చూపే గీత) లోపలి 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలోనూ చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. అందులో మా నాన్నవీ ఉన్నాయి. ఆయన రోడ్డు మీద నిలబడి ఏడవడం నాకింకా గుర్తుంది. (ఇప్పుడు నావి కాంటూరు బయటే ఉన్నాయి లెండి.) అప్పుడు నేను పూర్తిగా ఆయన పక్షమే. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీళ్ళు మా వైపు వచ్చినప్పుడు మాత్రం గట్లు అడ్డుపడితే ఏమవుతుందో కళ్ళారా చూశాను. అన్ని ఏరులూ కొల్లేట్లోకే వస్తాయి. సముద్రంలోకి పోవడానికి ఉన్న దారి మాత్రం ఒక్క ఉప్పుటేరే.

మా టీ కొట్టు దగ్గర కాంటూరు మాట వినని పిల్లాడు లేడు. అదేమిటో చెప్పగలిగే పిల్లాడూ లేడు. మ్యాపులో కాంటూరు గీతకి అర్థం నేర్పడానికి రాష్ట్రంలో ఇంతకన్నా మంచి ఊళ్ళు ఎక్కడున్నాయి? పక్షి కావాలా, చేప కావాలా, చెరువు కావాలా అని పిల్లల్నే వాదించనివ్వాలి. పెద్దవాళ్ళం ఇరవై ఏళ్ళుగా వాదించి తేల్చింది ఎలాగూ ఏమీ లేదు.

నేను అడిగేది కొత్త పుస్తకం కాదు. ఎనిమిది, తొమ్మిది తరగతులకి నెలకో మధ్యాహ్నం బయట క్లాసు పెట్టండి. పదో తరగతి వాళ్ళని వదిలేద్దాం, తల్లిదండ్రులు ఒప్పుకోరు. మత్స్యశాఖ అసిస్టెంటు ఒకసారి, ఆటపాకలో అటవీశాఖ సిబ్బంది ఒకసారి, కొల్లేట్లో వేట చేసే పెద్దమనిషి ఒకసారి చెబితే చాలు. సముద్రంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఎందుకు ఆపుతారో, తొలి వరదకి ఎదురెక్కే గుడ్ల చేపని మనం సంబరంగా ఎందుకు పట్టుకు తింటున్నామో ఒకే క్లాసులో మాట్లాడుకోవచ్చు. నలుపు తెలుపు రంగులేసిన పళ్ళేనికి తాడు కట్టి నీళ్ళలోకి దించి, ఎంత లోతున కనపడకుండా పోయిందో (నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో దాంతో తెలుస్తుంది) ప్రతి నెలా నోట్సులో రాసుకుంటే, ఏడాదికి అదే ఒక రికార్డు అవుతుంది. పది పాసయ్యాక ఫిషరీస్ డిప్లొమా ఉందన్న సంగతి కూడా అప్పుడే చెవిన పడుతుంది. మా ఊళ్ళో చాలామందికి అది తెలియదు.

ప్రతి జనవరిలో నీటిపక్షుల లెక్క జరుగుతుంది. ఈసారి దానికి మా హైస్కూలు పిల్లల్ని పంపడానికి విద్యాశాఖ అనుమతిస్తే ఆటో ఖర్చులు నేను పెట్టుకుంటాను. దోనె నడపడానికి మా ఊరి పెద్దాయన ఒకరు ఒప్పుకున్నారు. ఆదివారం మాత్రం పెట్టొద్దన్నారు, ఆ రోజు చేపల బేరం వదులుకోలేరట.

ఇట్లు,
ఒక చేపల రైతు,
కైకలూరు