టోమ్స్క్ వెళ్లే పిల్లలకు టీకా ఎవరు చెప్పాలి?

సంపాదకుల వారికి,

మా అబ్బాయి సైబీరియాలోని టోమ్స్క్‌లో ఎంబీబీఎస్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. మొన్న మే నెలలో ఫ్రెండ్స్‌తో అడవికి వెళ్లొచ్చాక మోకాలి వెనక పిడుదు కరుచుకుని ఉందని రాత్రి ఫోన్ చేశాడు. ముప్పై ఏళ్లు కర్నూలులో పిల్లల వార్డు నర్సుగా చేయకపోతే, గేదెలకు పట్టే పిడుదే కదా అని నేనూ పడుకునేదాన్ని. మెదడువాపుతో కాళ్లూ చేతులూ కొట్టుకునే పిల్లల్ని ఎందరినో పట్టుకుని కూర్చున్నాను. అక్కడి అడవి పిడుదుల లాలాజలంలోనూ మెదడువాపు వైరస్ ఉండొచ్చు. మన జపనీస్ మెదడువాపు వైరస్‌కు అది దగ్గరి చుట్టం.

"కంగారు పడకమ్మా, రూమ్మేట్ మాత్రలిచ్చాడు, ఇంటర్‌ఫెరాన్ పెంచుతాయట" అన్నాడు. టీకా వేయించుకున్నావా అంటే పలకలేదు.

వైరస్ సోకిన కణం పక్క కణాలను హెచ్చరించడానికి విడుదల చేసేదే ఇంటర్‌ఫెరాన్. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ కనిపెట్టారు. దాన్ని మన ఒంట్లోనే ఎక్కువగా పుట్టించాలన్నది టిలోరోన్ లాంటి మాత్రల ఉద్దేశం. రష్యాలో ఇవి ఏళ్లుగా వాడుకలో ఉన్నాయి. ఆలోచన మంచిదే, పరిశోధన జరగాల్సిందే. కానీ జబ్బు ముదిరాక ఏమవుతుంది? వియత్నాంలో జపనీస్ మెదడువాపు వచ్చిన పిల్లలకు నేరుగా ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లే ఇచ్చి చూశారు. మందు లేని ఉత్తి ఇంజెక్షన్ ఇచ్చిన పిల్లలకూ వాళ్లకూ తేడా లేదని 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అది తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆ మందు మీద ఎంతో ఆశ పెట్టుకున్నాం.

పిడుదు మెదడువాపుకూ ఇప్పటికి ఖాయమైన మందు లేదు. ఉన్నది టీకా. మంచు కరిగేలోపు రెండు డోసులు పడాలి, మూడోది ఆ తర్వాత కొన్ని నెలలకు. తెల్లారగానే వాణ్ణి ఆసుపత్రికి పంపించాను. ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను ఎదుర్కొనే రెడీమేడ్ యాంటీబాడీలు) ఇంజెక్షన్ చేసి, పిడుదును ల్యాబ్‌కు పంపారు. వైరస్ లేదని రిపోర్టు వచ్చినా నాలుగు వారాల పాటు పూటపూటా జ్వరం చూసుకోమని ఫోన్ చేస్తూనే ఉన్నాను.

మమ్మల్ని పంపిన కన్సల్టెన్సీ ఇచ్చిన లిస్టులో స్వెటర్లు, కుక్కర్, పచ్చళ్లు అన్నీ ఉన్నాయి. ఈ టీకా మాట లేదు. రష్యాలోని ఉరల్ కొండల ప్రాంతానికీ, సైబీరియాకూ పిల్లల్ని పంపే ప్రతి కన్సల్టెన్సీ దాన్ని ఆ లిస్టులో మొదటి వరుసలో రాయాలి. సెప్టెంబరులో కొత్త బ్యాచ్‌లు బయల్దేరేలోపు మీ ఆరోగ్యం పేజీలో ఈ విషయం వేయమని వేడుకుంటున్నాను.

– ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, కర్నూలు