బావకో ఉత్తరం: 'ని' లేని కర్మ

అమలాపురం

ఒరేయ్ బావా,

మీ అమ్మాయికి ఇంగ్లీషు వ్యాకరణంలో డైరెక్ట్ ఆబ్జెక్టు చెప్పలేక చేతులెత్తేశానని రాశావుగా. కంగారు పడకు. కర్త, కర్మ, క్రియ అని మనం వల్లించినదాంట్లో ఆ మధ్యదే ఇది.

తేడా ఒక్కటే. మనకి 'ని' ఉంది. 'పిల్లి కుక్కని కరిచింది' అన్నా, 'కుక్కని పిల్లి కరిచింది' అన్నా కరిచింది పిల్లే. ఇంగ్లీషు నామవాచకానికి ఆ తోక లేదు, కూర్చున్న చోటే విభక్తి. మామూలు వాక్యంలో క్రియకి ముందు కర్త, తర్వాత కర్మ. 'ద క్యాట్ బిట్ ద డాగ్' తిరగేశావా, కరిచింది కుక్కయిపోతుంది. సర్వనామాల్లో చాలావాటికి మాత్రం వేషం మారుతుంది: హి కాస్తా హిమ్, దే కాస్తా దెమ్.

పట్టుకోవడానికి క్రియ పక్కన 'వాట్' అనో 'హూమ్' అనో అడగమను. 1852లో ధవళేశ్వరంలో పూర్తయిన ఆనకట్టనే తీసుకో. 'కాటన్ బిల్ట్ ది ఆనికట్.' బిల్ట్ వాట్? ఆనికట్. సరే, 'షి బికేమ్ ఎ డాక్టర్' మాటేమిటి? ప్రశ్నకి జవాబొస్తుంది గానీ అది కర్మ కాదు, ఆవిడే డాక్టరు. అందుకని ప్యాసివ్‌లోకి, అంటే కర్మణి ప్రయోగంలోకి, తిప్పి చూడాలి. 'ది ఆనికట్ వజ్ బిల్ట్ బై కాటన్' కుదురుతుంది, డాక్టరు వాక్యం తిరగదు. 'ఐ హ్యావ్ ఎ బోట్' కూడా తిరగదనుకో, అయినా బోట్ కర్మే. హ్యావ్‌ది మొండి రకం.

మన పిల్లలు అసలు బోల్తా పడేది ఇంకోచోట. 'ఆత్రేయపురం పూతరేకులు కొన్నావా?' అంటే 'ఆఁ, కొన్నాను' అంటాం. ఏం కొన్నామో మళ్ళీ చెప్పం, ఎదుటివాడికి తెలుసుగా! ఆ అలవాటుతోనే 'యస్, ఐ బాట్' అనేస్తారు. వాక్యం కుంటిదైపోతుంది. 'ఐ బాట్ దెమ్' అనాలి. 'ఐ లైక్డ్' కాదు, 'ఐ లైక్డ్ ఇట్'. ఈట్, రీడ్ లాంటివి మాత్రం కర్మ లేకపోయినా నిలబడతాయి.

లైక్‌తో ఇంకో చిక్కు. 'నాకు పులస ఇష్టం'లో 'నాకు' అన్నవాడు ఇంగ్లీషుకెళ్ళేసరికి కర్తవుతాడు, పులస కర్మవుతుంది. 'ఐ లైక్ వెరీ మచ్ పులస' అనకూడదు. క్రియకీ కర్మకీ మధ్య 'వెరీ మచ్' లాంటివాటిని దూరనివ్వరు. వెరీ మచ్ చివరికెళ్ళాలి.

ఇక 'గురించి', 'కి', 'తో' చేసే అల్లరి. 'డిస్కస్ అబౌట్', 'రీచ్డ్ టు రాజోలు', 'మ్యారీడ్ విత్ హిమ్' మూడూ తప్పే. ఆ క్రియలకి కర్మ నేరుగా తగలాలి. అలాగని అన్నిట్లోనూ తీసెయ్యమనకు, 'లిజన్ మీ' అంటుంది. అక్కడ 'టు' ఉండాల్సిందే. 'గేవ్ మీ ఎ కోకోనట్'లో కాయే డైరెక్టు, 'మీ' అంటే నాకు, అది ఇన్‌డైరెక్టు. అదే వరసలో 'ఎక్స్‌ప్లెయిన్ మీ ద సమ్' అంటే చెల్లదు, 'ఎక్స్‌ప్లెయిన్ ద సమ్ టు మీ' అనాలి.

ముందు 'ఐ బాట్' సంగతి తేల్చు, ప్యాసివ్ తర్వాత చూసుకోవచ్చు. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ బావ