వార్షిక నివేదిక, 2025: పూల్ గట్టు మీద మనవాళ్లు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది జమాఖర్చులు కోశాధికారి గారి పత్రంలో విడిగా ఉన్నాయి. సంక్రాంతి ముగ్గులు, ఉగాది, కార్తీక వనభోజనాలు ఎప్పట్లాగే జరిగాయి. వనభోజనాల్లో పెరుగన్నం ఎప్పట్లాగే తక్కువ పడింది, ఆ మాట ఎప్పట్లాగే కార్యదర్శి మీదికే వచ్చింది. కొత్తగా మొదలుపెట్టిన పని ఒక్కటే, పిల్లల ఈత పోటీలకు వాలంటీర్లుగా వెళ్లడం. కాబట్టి మిగతా నివేదిక అంతా దాని గురించే.

మన ఉత్తర వర్జీనియాలో జూన్, జూలై వచ్చాయంటే శనివారం పొద్దున్నే ఎటు చూసినా పిల్లల ఈత పోటీలే. నార్తర్న్ వర్జీనియా స్విమ్మింగ్ లీగ్ 1956 నుంచి నడుస్తోంది. ఎనిమిదేళ్ల లోపు బుడతల నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్ల దాకా ఈదుతారు. జీతం తీసుకునే కోచ్‌లు తప్ప మిగతా బండి లాగేది వాలంటీర్లే. ఒక్కో లేన్‌కు వాచీ పట్టి సమయం చూసే టైమర్లు ముగ్గురు, అంటే ఆరు లేన్లకు 18 మంది. రిఫరీ, స్టార్టర్, జడ్జిలు, పిల్లల్ని బల్లల మీద వరసగా కూర్చోబెట్టేవాళ్లు వేరే. ఇదంతా తల్లిదండ్రుల పనే అనేది ఇక్కడి ఆనవాయితీ. మన తల్లిదండ్రుల్లో సగం మంది వేసవిలో ఇండియాలో ఉంటారు, మిగతావాళ్ల చంకలో చంటిపిల్లలు. అందుకే ఫిబ్రవరి సమావేశంలో ఒక ప్రశ్న వచ్చింది: పిల్లలు లేనివాళ్లం వెళ్తే ఏం?

అడిగింది నేనే. నాకు పిల్లలు లేరు. మన పండగల్లో పిల్లల పోటీలు మొదలవగానే నేను కుర్చీలు సర్దే పనిలో పడేదాన్ని. “మీవాళ్లు ఏ గ్రూపండీ?” అన్న ప్రశ్న తప్పించుకోడానికి పదిహేనేళ్లలో నాకు దొరికిన దారి అది. నాతో కలిపి ఐదుగురం తేలాం.

ఐదుగురిలో ఒకాయన పెళ్లి చేసుకోలేదు. ఆయన టెన్షన్ వేరు. “ఒంటరి మగాణ్ని, పిల్లల పూల్ దగ్గర నిలబడితే ఎవరేమనుకుంటారో” అన్నాడు. అందులో తప్పేం లేదు, ఆ ప్రశ్న ఎవరికైనా వస్తుంది. ఏడాదంతా జరిగే క్లబ్బు మీట్లకు, అంటే పోటీలకు కూడా వెళ్లాలని ఆయన ఇక్కడి జాతీయ ఈత సంస్థ యూఎస్ఏ స్విమ్మింగ్‌లో చేరాడు. బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించుకున్నాడు, పిల్లల రక్షణ గురించిన ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేశాడు. ఆటగాళ్లను వేధింపుల నుంచి కాపాడే సేఫ్‌స్పోర్ట్ కేంద్రం 2017లో మొదలయ్యాక ఇక్కడ అలాంటి నియమాలు గట్టిపడ్డాయి. పెద్దవాళ్లొకరు, బిడ్డ ఒకరు మాట్లాడుకోవాల్సివస్తే నలుగురికీ కనబడేచోటే, ఎవరైనా మధ్యలో రాగలిగేలాగే మాట్లాడాలి. మెసేజ్ పెట్టాలంటే ఇంకో పెద్దవాళ్లను కలపాలి. బట్టలు మార్చుకునే గదిలో ఫొటోలు నిషేధం. ముగ్గురు పిల్లల తండ్రయిన జడ్జికీ ఇవే, ఆయనకీ ఇవే. ఆ ముక్క చదివాకే కుదుటపడ్డానని చెప్పాడు.

టైమర్ పని చూడ్డానికి చిన్నదే గానీ కిటుకులున్నాయి. హారన్ మోత విని వాచీ నొక్కకూడదు, దాంతో పాటు వెలిగే లైటు చూసి నొక్కాలి. బుడతలు 25 మీటర్లు ఈదేటప్పుడు అవతలి గట్టు నుంచి దూకుతారు. ఆ మోత మన చెవిన పడేసరికి సెకనులో వందో వంతులు ఏడు పోతాయి, ఇక్కడ రాసేదేమో వందో వంతు దాకా. మూడు వాచీల్లో 21.48, 21.61, 21.90 వస్తే సగటు కట్టరు, మధ్యలోది తీసుకుంటారు. నా మొదటి వాచీ అసలు మొదలే కాలేదు. చెయ్యెత్తితే హెడ్ టైమర్ పరుగున వచ్చి, ఇలాంటివాళ్ల కోసమే నడుస్తూ ఉంచిన తన వాచీ నా చేతిలో పెట్టారు. అప్పుడు అర్థమైంది, నాలాంటివాళ్లు ముందు కూడా ఉన్నారని.

పిల్లలు లేకపోవడం ఇక్కడ ఒకందుకు కలిసొస్తుంది. సొంత కూతురు చివరి పది మీటర్లలో ఉంటే వాచీ నొక్కడం మరిచి కేకలేసిన తండ్రుల్ని ఇద్దర్ని చూశాం. మనకు ఏ లేనైనా ఒకటే.

ఒకటే అన్నాను గానీ, జూలైలో అదీ పరీక్షకొచ్చింది. తొమ్మిది, పదేళ్ల ఆడపిల్లల బ్రెస్ట్‌స్ట్రోక్. మలుపు దగ్గర రెండు చేతులూ ఒకేసారి గోడకు తగలాలి. పైన చెప్పిన మా పెళ్లికాని పెద్దమనిషి అక్కడ జడ్జి. ఏ కాస్త అనుమానం ఉన్నా ఈదేవాళ్ల పక్షానే పోవాలని వాళ్లకు నేర్పుతారు. అనుమానమే లేదు: కుడిచెయ్యి గోడ మీద, ఎడమచెయ్యి ఇంకా నీళ్లలో. ఆయన చెయ్యి పైకెత్తాడు, డీక్యూ, అంటే ఆ ఈత చెల్లదు. ఆ పాప మన సంఘం అధ్యక్షుల వారి అమ్మాయి (ఆయన అనుమతితోనే రాస్తున్నాను). మర్నాడు గుడి దగ్గర వాళ్ల కుటుంబం ఎదురైతే మా జడ్జి గారు చాలాసేపు చెప్పులు వెతుక్కున్నారట. తర్వాతి శనివారం ఆ పిల్ల రెండు చేతులూ గోడకేసి టపీమని కొట్టింది. పోటీ అయ్యాక నీళ్లలోంచే ఆయన వంక చూసింది.

అన్నీ సాఫీగా జరగలేదు. ఒక పూల్ దగ్గర “మీకిక్కడ పిల్లలెవరూ లేరు కదా” అని మాలో ఇద్దర్ని గేటు దగ్గరే చాలాసేపు నిలబెట్టారు. మళ్లీ అలా జరగకుండా ఇకపై పేర్లు ముందే టీమ్ వాలంటీర్ల బాధ్యులకు పంపుతాం. ఇంకోసారి ఉరుములొచ్చి మీట్ ఆగింది. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా ఎవర్నీ నీళ్లలోకి దిగనివ్వరు. ఆ అరగంటలో మనం తెచ్చిన పులిహోర రెండు టీముల వాళ్లూ ఖాళీ చేశారు.

ఇంకొక్కటి రాసి ఆపుతాను. ఆరేడేళ్ల బాబు, మోచేతి కింద మార్కర్‌తో ఈవెంట్, హీట్, లేన్ నంబర్లు. అందరికంటే ఆఖర్న వచ్చి నా గోడ పట్టుకున్నాడు. నా బొట్టు చూసి కాబోలు, తెలుగులోనే అడిగాడు.

“ఆంటీ, మీ బాబు ఏ లేన్?”

“నాకు బాబు లేడు నాన్నా.”

“మరి ఇక్కడెందుకున్నారు?”

“నీ టైమ్ పట్టుకోడానికి.”

“ఓకే” అని నిచ్చెనెక్కి వెళ్లిపోయాడు.

వచ్చే వేసవికి కనీసం పన్నెండుమంది కావాలి. ఈత రానక్కర్లేదు, నాకూ రాదు. మే నెలలో ఒక సాయంత్రం టైమర్ల శిక్షణ ఉంటుంది. జడ్జి కావాలనుకునేవాళ్లకు శిక్షణ తరగతి (క్లినిక్) వేరు, ముందు అనుభవమున్న వాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవాలి. పేర్లు ఏప్రిల్ ఆఖరుకల్లా నాకు ఇవ్వండి. వాచీ వాళ్లే ఇస్తారు. టోపీ, నీళ్ల సీసా, తడిసినా ఫర్వాలేదనుకునే చెప్పులు మీవి.

కార్యదర్శి