నాయన నడక

అనంతపురం

రేయ్ బావా,

మొన్న ఫోన్లో నాయన గురించి అడిగితే "బాగున్నాడు" అని పెట్టేశాను. మనసొప్పలేదు, అంతా రాస్తున్నా.

పక్షవాతం వచ్చి ఐదు నెలలైంది. ఎడమ చెయ్యి ఇంకా అంతంతమాత్రమే. నడక మాత్రం వచ్చింది, వరండాలో కర్ర లేకుండానే తిరుగుతాడు. అది చూసి మేమంతా ధీమాగా ఉన్నాం. పోయిన నెల వాకిట్లో కాలువ మీది బండ దాటుతుంటే, "నాయనా, పొద్దున బీపీ మాత్ర వేసుకున్నావా?" అని అడిగాను. అంతే, ఆలోచనలో పడ్డాడు. ఎడమ కాలు లేవలేదు, బండ అంచు తగిలి పడిపోయాడు. ఎముక విరగలేదు, దేవుడి దయ. నేను అడక్కపోతే పడేవాడు కాదు బావా. ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఫిజియో మేడమ్‌కి చెబితే ఆమె ఆశ్చర్యపోలేదు. మనకైతే నడక దానంతటదే సాగిపోతుంది, స్ట్రోక్ వచ్చినవాళ్లు అడుగడుక్కీ మనసు పెట్టాలి, మధ్యలో ఇంకో పని పెడితే రెండింట్లో ఏదో ఒకటి తప్పుతుంది అంది. స్వీడన్‌లో 58 మంది ముసలివాళ్లను నడిపిస్తూ మాట్లాడించి చూశారట, 1997లో అచ్చయింది. మాట కోసం నడక ఆపేసింది 12 మంది. తర్వాత 6 నెలల్లో వాళ్లలో 10 మంది పడ్డారట.

అలాగని మాటలు మానేయమనలేదు. చదునైన నేల మీద, పక్కన మనిషి ఉండగా మెల్లగా అలవాటు చేయాలట. 100 నుంచి మూడేసి తగ్గిస్తూ లెక్కపెట్టమంది. నాయనకు అది విసుగు. ముప్ఫై ఏళ్లు బస్సు కండక్టరు కదా, నేను స్టాపులు అడగడం మొదలుపెట్టాను. అనంతపురం, గార్లదిన్నె, పామిడి, గుత్తి, ప్యాపిలి, డోన్, వెల్దుర్తి, కర్నూలు... ఇట్లా అయితే గడగడా చెప్పేస్తాడు, కాలూ సాఫీగా పడుతుంది. కర్నూలు నుంచి వెనక్కి చెప్పమంటేనే కష్టం. నేను ఆయన ముఖం చూడను, ఎడమ కాలి చెప్పు చప్పుడు వింటాను. టక్కు టక్కుమని పడేది, డోన్ దాటగానే సర్రుమని నేలను రాసుకుంటుంది. "ఆగు నాయనా" అంటాను. ఆగి, ఊరి పేరు గుర్తు తెచ్చుకుని, మళ్లీ అడుగు వేస్తాడు. నిన్న మొదటిసారి గుత్తి దాకా సర్రుమనలేదు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఉగాదికి వస్తావు కదా. ఆయన నడుస్తుంటే వెనక నుంచి "మామా" అని కేకెయ్యొద్దు, ఎదురుగా వెళ్లి నిలబడు. కూర్చున్నాక ఎంతసేపైనా మాట్లాడు, ఆయనకూ నిన్ను చూడాలని ఉంది. పిల్లలకూ ఈ మాట ముందే చెప్పి తీసుకురా.

నీ బావ